మస్తాన్ పలక మీది చంద్రవంక

నేను ఒక నల్ల గ్రానైటు పలకను. చీమకుర్తి క్వారీలో పుట్టాను. నా తోబుట్టువుల్లో కొందరు బ్యాంకుల్లో నేలబండలయ్యారు. ఒకడు ఎవరి వంటింట్లోనో గట్టుగా మారి రోజూ పులుసు మరకలు తుడిపించుకుంటున్నాడట. నాకు మాత్రం ఒక జవాను పేరు మోసే భాగ్యం దక్కింది. అప్పట్లో కాస్త మిడిసిపడ్డాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మా పట్నంలో మాజీ సైనికుల సంఘం వాళ్లు పార్కు పక్కన అమరవీరుల స్మారకం కట్టారు. ఒక్కో జవానుకు ఒక్కో పలక. దాని మీద పేరు, పేరుకు పైన ఓంకారమో, శిలువో, చంద్రవంకో, ఎవరి గుర్తు వారికి. సంఘం పెద్ద సుబేదారు బలరామిరెడ్డి. ఉద్యోగం విరమించినా మీసం మెలేయడం విరమించని మనిషి. రాళ్లు చెక్కేవాడు ఆయనకు ఫోను చేసి, "లాన్స్ నాయక్ మస్తాన్‌కి ఏం గుర్తు వెయ్యమంటారు సార్?" అని అడిగాడు.

"పేరు తెలిశాక ఇంకా అడుగుతావేందయ్యా? చంద్రవంక వెయ్యి" అన్నాడాయన.

మస్తాన్ మంచుకొండల్లో కాపలా కాస్తూ ప్రాణం వదిలాడు. తల్లి అంకమ్మ పొగాకు కంపెనీలో కూలి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే ఆమె కొండ మీది దర్గాలో నిద్ర చేసి, బిడ్డ నిలిస్తే మస్తాన్ స్వామి పేరే పెట్టుకుంటానని మొక్కుకుంది. బిడ్డ నిలిచాడు. మా వైపు ఇలాంటి మస్తాన్లు వీధికొకరుంటారు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, ఒంటికి దర్గా పేరు. సుబేదారుకు ఇది తెలియని సంగతేం కాదు. ఆ పూట తోచలేదు, అంతే.

ఆవిష్కరణ రోజు నా మీది తెల్లగుడ్డ తీశారు. అంకమ్మకు చదువు రాదు. "మా సామి గుర్తేశారే!" అంటూ నా నుదురు తడిమి, ఆ చేతులు కళ్లకద్దుకుంది. ఆమె మరిది వెంగయ్య మాత్రం భగ్గుమన్నాడు.

"మావోణ్ణి సాయిబుల్లో కలిపారేందండీ?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సుబేదారు ముఖం ఎర్రబడింది. తప్పయిపోయిందని వెంగయ్యకు చెప్పాడు, మైకులో జనానికి చెప్పాడు. రెండ్రోజుల్లో చెరిపించి ఓంకారం వేయిస్తానన్నాడు.

"తియ్యబాకండయ్యా" అంది అంకమ్మ. "ఆ సామి పెట్టిన భిక్ష వాడు. బిడ్డ కావాల్సినప్పుడు కాళ్లు పట్టుకుని, బిడ్డ పోయాక నువ్వెవరివంటే మొక్కు తప్పినట్టు గాదా?"

"నువ్వూరుకో వదినా, నలుగుర్లో పరువు పోతుంటే!" అన్నాడు వెంగయ్య.

ఆమె ఊరుకుంది. అందరి పరువూ నా నుదుటి మీదే ఉందని నాకు అప్పుడే తెలిసింది. నన్నడిగితే, పరువు పోవడం ఆ క్షణంలోనే మొదలైంది.

గ్రైండరు తెచ్చారు. చక్రం తిరిగినంతసేపూ దుమ్ము లేచింది. నున్నటి నుదురు గుంటపడింది. ఆ గుంటలోనే హిందీ ఓంకారం చెక్కి బంగారు రంగు పూశారు. వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. నా ఒంటి మీద చేసిన పని చూసి నాకే అసహ్యమేసింది. కన్నతల్లి వద్దన్న పని అది. రాయిని గనుక పక్కకు తిరిగి పడుకోలేకపోయాను.

సాయంత్రం అంకమ్మ పని నుంచి నేరుగా వచ్చింది. చీర నిండా పొగాకు వాసన. సుబేదారు అక్కడే ఉన్నాడు. గుంటలో వేళ్లు పెట్టి చంద్రవంక కోసం తడుముకుంది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఆమె వేలు ఓంకారం ఒంపుల వెంట మెల్లగా పైకి పాకి, అన్నిటికన్నా పైన, చుక్క కింద వంపు తిరిగిన చిన్న గీత దగ్గర ఆగిపోయింది. మళ్లీ మళ్లీ తడిమి చూసింది.

"అయ్యా" అంది సుబేదారు వైపు తిరిగి, గొంతు తగ్గించి. "ఈడొక చిన్న వంక మిగిలింది. ఎవురికీ చెప్పను. దీన్నన్నా ఉండనిస్తారా?"

సుబేదారు జేబురుమాలు తీసి ఆ వంక మీది రాతిదుమ్మును మెల్లగా తుడిచాడు.