గుడ్డి చేప

చేప అచ్చులో పొలుసుల సందున ఇరుక్కున్న పాత పిండిని అగ్గిపుల్లతో తీస్తున్నాను. మా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, "శుభ్రంగా కడుగు, పదిమందిలో చిన్నదాని పరువు పోకూడదు" అన్నారు. చిన్నదంటే నా తోడికోడలు. ఆమె ఇవాళ పెద్ద బేకరీలో చేప కేకు చేసి చూపించబోతోంది. అచ్చు మోసుకుని వెంట వెళ్ళడం నా వంతు.

ఆ కేకు నాది. మా అమ్మాయికి క్రీము వాసనొస్తే చాలు, డోకు. అది లేకుండా రంగెలా తేవాలా అని నెలరోజులు కుస్తీ పట్టాను. కాస్త పిండిలో రంగు కలిపి కుంచెతో అచ్చు లోపల బొమ్మ వేసి, రెండు నిమిషాలు ఓవెన్లో పెట్టి గట్టిపడనిచ్చి, దానిమీద మామూలు పిండి పోస్తే రంగు కేకు ఒంట్లోనే కాలి వస్తుంది. వేలితో రుద్దినా అంటదు. అది తెలిసేలోపు నాలుగు చేపలు పాడయ్యాయి. "బజార్లో కొంటే పోయేదానికి ఈ పిండి దండగ ఎందుకే?" అని మావారు ఆ నాలుగూ తిన్నారు.

అమ్మాయి పుట్టినరోజున అచ్చు బోర్లించే సమయానికి తోడికోడలు "నేను తీస్తా అక్కా" అని నా చేతిలోంచి అందుకుంది. మా మరిది వీడియో తీశాడు. అది ఊరంతా తిరిగింది. పొద్దుటి పూట ఇలాంటి కేకులు చేయడానికి మనిషి కావాలని బేకరీ ఆవిడ ఆమెకే ఫోన్ చేసింది. ఆమె కాదనలేదు. మావారితో అంటే, "ఎవరు చేస్తే ఏంటి, మనింటి పేరేగా" అన్నారు.

నాకు కుళ్ళు. ఇంకాస్త మర్యాదైన మాట కోసం వెతికాను, దొరకలేదు. ఆమె ఫోన్ మోగితే కడుపు మండేది. ఆమె నవ్వితే పడే చొట్టబుగ్గ మీద కూడా కుళ్ళే. బేకరీలో కొత్త ఏప్రన్ కట్టుకుని నిలబడితే ఎంత బాగుందో, ఆ బాగుండటం నాదే అనిపించింది.

ఆమె అచ్చులో ముందుగా కళ్ళకి తెల్లటి చుక్కలు పెట్టింది. అవి గట్టిపడ్డాక వాటి మీద నల్లటి కంటిపాపలు. నేను చూశాను. అలా వేయకూడదని చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కేకు ఓవెన్లో ఉన్న ముప్పావుగంటా చేతులు కట్టుకుని కూర్చున్నాను. పాడవ్వాలని కోరుకున్నాను, అబద్ధమెందుకు?

అచ్చు తిప్పితే ఎర్రటి చేప వచ్చింది, పొలుసులన్నీ ఉన్నాయి, కళ్ళు మాత్రం తెల్లగా. నా గుండెల్లో ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది. ఆ వెంటనే ఆమె మొహం చూసి సిగ్గేసింది.

"వీడియోలో దీనికి కంటిపాపలున్నాయే?" అంది బేకరీ ఆవిడ.

తోడికోడలు బల్ల కింద నా చెయ్యి నొక్కి, "ఓవెన్ వేడి ఎక్కువైందని చెప్పక్కా" అని గొణిగింది. చల్లటి చెయ్యి. జాలేసింది. అయినా నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అచ్చులో ముందు వేసిందే పైన కనబడుతుందండీ. కంటిపాప ముందు పెట్టి, దాని మీద తెలుపు వేయాలి."

"నీకెలా తెలుసమ్మా?"

"అది నేను చేసింది కాబట్టి."

ఆవిడ ఇంకేమీ అడగకుండా అదే అచ్చు కడిగించి, కుంచెతో సహా నా ముందుకు తోసింది. ఈసారి బయటికొచ్చిన చేప మా ముగ్గురినీ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "రేపు ఆరింటికి వస్తావా?" అంది ఆవిడ. మావారిని అడిగి చెబుతానని అనడం అలవాటు. ఆ మాట అనకుండా తలూపాను.

దారంతా తోడికోడలు ఫోన్లో మా మరిదితో చెప్పుకుంటూ వచ్చింది. కబురు మాకంటే ముందే ఇల్లు చేరింది. అత్తగారు టీవీ కట్టేసి కూర్చున్నారు. మావారు బూట్లు కూడా విప్పలేదు.

"నోటిదగ్గర కూడు లాక్కున్నావట. చెల్లెలి లాంటిది కదే! దాని మీద అంత కుళ్ళేంటి నీకు?" అన్నారు అత్తగారు.

పన్నెండేళ్ళుగా ఇలాంటి వాటికి అబ్బే, అదేం లేదండీ అంటూ వచ్చాను.

"అవునండీ, కుళ్ళే" అన్నాను. "అదన్నా లేకపోయుంటే, ఆ చేప నాదని నేను కూడా మర్చిపోయేదాన్ని."