బొంత కప్పుకున్న సోలార్ ప్లేటు

నేను ఒక సోలార్ ప్లేటును. నీలం రంగు, పటికబెల్లం పలుకులు పరిచినట్టు మెరిసే ఒళ్లు. ఇసుకను కరిగించి, పలుచగా కోసి, అతికించి, పైన గాజు మూసి నన్ను చేశారు. పాతికేళ్లు పనిచేస్తానని వీపున చీటీ అంటించారు. మనుషులు తమ విషయంలో చెప్పలేని మాటను వస్తువుల విషయంలో ఎంత ధీమాగా చెప్తారో!

మొదటి కొలువు పాలకేంద్రంలో. వెన్నశాతం చూసే మిషను నా మీదే నడిచేది. పాలల్లో నీళ్లు కలిపినవాళ్లు మిషనును ఏమీ అనలేక, ఎండ సరిగా పట్టలేదని నన్ను తిట్టేవాళ్లు. కొత్త కరెంటు లైను వచ్చాక నన్ను దించి గోడకు ఆనించారు. అక్కడినుంచి ఒక గొర్రెల దొడ్డికి పోయాను. ఆ దొడ్డాయనకు ఒక నాటుపుంజునిచ్చి శివన్న నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు. పుంజు ఆ ఆదివారమే కూరైంది. నేనింకా ఉన్నాను.

శివన్న భార్య నాగరత్న గుడ్లు పొదిగే మిషను కొనింది. చూడ్డానికి పెద్ద పెట్టె. లోపల వేడికి బల్బులు, ఆ వేడిని మూలమూలకూ పంచడానికి చిన్న ఫ్యాను. వీధిలోని ఆడవాళ్లు కోళ్ల కిందనుంచి గుడ్లు తీసి తెచ్చి, ఎవరి గుడ్డు మీద వాళ్లు బొగ్గుతో గుర్తు గీసి, ఆమె చేతికిచ్చారు. ఆమె తన కోళ్ల గుడ్లు కూడా వాటితో పెట్టింది. పెట్టె చల్లారితే లోపలి పిల్లలు చచ్చిపోతాయి. ఆ తర్వాత నాగరత్నకు ఒక్క గుడ్డు ఇచ్చేవాళ్లుండరు.

సరిగ్గా అప్పుడే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇక మిషనుతోపాటు కొని మిద్దెమీద పెట్టిన కొత్త నల్ల సోలార్ ప్లేట్లే దిక్కు. అవి చాలవేమోనని శివన్న నన్ను కూడా మిద్దెకెక్కించి, వాటి వరసలోనే, ఒకదాని తీగ ఇంకొకదానికి కలిపి, అందరికంటే ముందు కట్టాడు.

"కొత్తకోడెకు కాడి నేర్పేటప్పుడు పక్కన పాత ఎద్దును కట్టమా మ్మే? ఇదీ అంతే. పెద్దది ముందుంటే అవి నేర్చుకుంటాయి" అన్నాడు పెళ్లాంతో.

ఆ మాటకు పొంగిపోయాను, దాచడమెందుకు.

కానీ ఒకే వరసలో కట్టినప్పుడు అందరిలోనూ పారే కరెంటు ఒకటే. నేనెంత వదలగలనో ఆ నల్లవాళ్లూ అంతే వదలాలి. వాళ్ల బలమంతా వచ్చి నా ఇరుకు సందులో ఆగిపోయింది. సాయంత్రానికి బ్యాటరీ సగం కూడా నిండలేదు. తెల్లవారుజామున పెట్టెలో బల్బులు ఆరిపోయాయి. నాగరత్న పెట్టెకు బొంత చుట్టి, లోపల వేణ్ణీళ్ల సీసాలు పెట్టి, పొద్దుపొడిచేదాకా దాన్ని కాచుకుని కూర్చుంది. శివన్న మబ్బును తిట్టాడు. ఆకాశంలో మబ్బు లేదు.

పక్కింటి ఖాసింబీ వచ్చి పెట్టెమీద చెయ్యి పెట్టి చూసింది. "రత్నక్కా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని మా కోడి గుడ్లమీంచి లేచిపోదు" అంది. నవ్వుతూనే అంది. నాగరత్న నవ్వలేదు.

పెట్టెలోని ఆవిరికి బొంత తడిసింది. దాన్ని ఎండెయ్యడానికి ఆమె మిద్దెక్కింది. మెట్లెక్కగానే చేతికందేట్టు ముందున్నది నేనే. నిండా కప్పేసింది. నాకు చీకటి. ఇప్పుడు చూడండి నా విలువ తెలుస్తుంది అనుకున్నాను.

కింద ఇన్వర్టర్ దగ్గర శివన్న కేకేశాడు, ఉన్నట్టుండి కరెంటు రెండింతలైందని. నాగరత్న బొంత తీసింది.

"ఇప్పుడు?"

"తగ్గిపాయె."

మళ్లీ కప్పింది. "ఇప్పుడో?"

"పెరిగింది! ఏం చేస్తాండావు మ్మే పైన?"

నన్ను చేసినవాళ్లు నా వీపున కరెంటుకు ఒక పక్కదారి పెట్టారు. నీడ పడి నేను పూర్తిగా చేతులెత్తేస్తే, కరెంటు ఆ దారిన నన్ను దాటుకుని పోతుంది. నేను పనిచేసినంతసేపూ అడ్డం, మానేస్తే మేలు. ఆ సంగతి బొంత కింద తెలుసుకోవడం ఏ వయసులోనైనా కష్టమే.

నాగరత్న కిందికి దిగి మొగుడితో నెమ్మదిగానే అంది: "దారి నేర్పేదానికి పాత ఎద్దును కడతారు, సరే. బరువు లాగేటప్పుడు కడితే బండి ఎవరి నడక నడుస్తాది?"

శివన్న మిద్దెకేసి చూసి, నన్ను పాతసామానోడికి వేసేద్దామా అని అడిగాడు.

"ఎందుకు? విడిగా కట్టు."

అలా నేను వరసనుంచి దిగి కోళ్లగూడు కప్పుమీదికి చేరాను. నాకొక చిన్న బ్యాటరీ, దానికి పెట్టెలోని ఫ్యాను. వేడి నల్లవాళ్లది, గాలి నాది. ఆ తర్వాత పెట్టె చల్లారలేదు.

పిల్లలు పెంకులు పొడుచుకుని వచ్చాయి. అన్నీ రాలేదు. తెరుచుకోని గుడ్లను నాగరత్న గూడు పక్కకు తెచ్చి, కొంగుతో వాటిమీది బొగ్గు గుర్తులు తుడిచేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆడవాళ్లందరూ వచ్చాక, పోయినవన్నీ తనవేనని చెప్పి, ఎవరి లెక్కకు తగ్గట్టు వాళ్ల గంపల్లో పిల్లల్ని వేసింది.

ఖాసింబీ తన గంపలోకి చూసింది, తర్వాత ఆమె కొంగుకంటిన మసిని చూసింది. ఒక పిల్లను తీసి నాగరత్న చేతిలో పెట్టింది.

"ఇది నీ మాదిరే మొండిగా ఉండాదిలే అక్కా, నీదే. అది సరే గానీ, ఈసారి గుడ్లు ఎన్ని పడతాయి నీ పెట్టెలో?"

పెట్టెలో నా ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ రోజు ఎండ బాగా కాసింది.