ఆపరేటర్ మిస్టేక్

మదన్‌మోహన్ ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు దోషి దొరుకుతారు, ఆ తర్వాతే దోషం దొరుకుతుంది. చాలాసార్లు దోషం దాకా పోవాల్సిన అవసరమే పడదు.

ఆయన చిరాగ్‌పల్లి దారిలో ట్రాక్టర్ చక్రాల నడుమ ఉండే హబ్బులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. అక్కడ ఏ సామాను చెడినా 'వై-వై' అని ఒక పద్ధతి నడుస్తుంది. ఎందుకు చెడింది అని అడగాలి. వచ్చిన జవాబు పట్టుకుని మళ్లీ ఎందుకని అడగాలి. అలా అయిదుసార్లు అడిగితే తప్పు మొదలు దొరికిపోతుందని లెక్క. పద్ధతిలో వంక పెట్టడానికేమీ లేదు. అడిగేవాడు మదన్‌మోహన్ అయినప్పుడు మాత్రం ఆ అయిదో ఎందుకు తనకన్నా తక్కువ జీతగాడి నెత్తిన పడి ఆగేది. ఇంట్లో తక్కువ జీతగాళ్లెవరూ లేరు కాబట్టి, అసలు జీతమే లేని భార్య ప్రణీత నెత్తిన పడేది.

మిక్సీ కాలితే ప్రణీత. గ్యాసు ముందే అయిపోతే ప్రణీత. ఒకసారి కారు టైరు పంక్చరైతే, అది కూడా నాలుగు ఎందుకుల్లోనే ప్రణీత దగ్గరికి వచ్చి చేరింది. ఆ పొద్దు ఆమె కారు ఎక్కనే లేదు.

ఇప్పుడు కంప్యూటర్ వంతు వచ్చింది. కాసేపు బాగానే నడుస్తుంది. ఉన్నట్టుండి తెర మీద బాణం గుర్తు ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. కీబోర్డు నొక్కినా, మౌసు కొట్టినా ఉలకదు, పలకదు. బటన్ గట్టిగా నొక్కిపట్టి ఆపడం తప్ప దారి లేదు. అప్పటిదాకా చేసిన పని గంగలో కలిసినట్టే.

వేరే రోజుల్లో అయితే ప్రణీత ఊరుకునేదేమో. ఆమె మెకానికల్ డిప్లొమా చదివి, పెళ్లికి ముందు పటాన్‌చెరులో మెషిన్ల డ్రాయింగులు గీసేది. పెళ్లయ్యాక మానేసింది. మానేసిందనడం మర్యాద మాట, మాన్పించారనడం అసలు మాట. ఇన్నేళ్లకు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంటి నుంచే డ్రాయింగులు గీసే పని ఇస్తానని పరీక్ష పెట్టింది. ఆమె గీస్తుంటే అవతల శ్వేత అనే మేడం తన తెర మీద చూస్తుంది. మొదటిసారి పరీక్షలో కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. శ్వేత మంచి మనిషి. "సోమవారం ఇంకోసారి చూద్దామండీ. అప్పుడు కూడా ఆగిపోతే మాత్రం నా చేతుల్లో ఏం ఉండదు" అంది.

ఆ పని ప్రణీతకు కావాలి. జీతం కోసం అని పైకి చెప్పింది గానీ, అసలు సంగతి అది కాదు. పరీక్షలో కొలతలు వేస్తూ గీత గీస్తుంటే, ఈ ఇంట్లో ఎవరికీ తెలియని మనిషి ఒకతె లోపల ఇంకా బతికే ఉందని ఆమెకు తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మదన్‌మోహన్ పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, పెన్ను పట్టుకుని విచారణ మొదలుపెట్టాడు.

"ఎందుకు హ్యాంగైంది?"

"తెల్వది."

"తెల్వది అనుడు జవాబు గాదు. లోడు ఎక్కువైంది, అందుకు. లోడు ఎందుకు ఎక్కువైంది?"

"నేను డ్రాయింగ్ ఒక్కటే తెరిచిన గదా."

"అదే మరి. గంత పెద్ద డ్రాయింగ్ ఎందుకు తెరిచినవ్? పద్ధతి తెల్వక. పద్ధతి ఎందుకు తెల్వదు? నేర్సుకోలే. ఎందుకు నేర్సుకోలే? ధ్యాస లేదు." అడగడమూ తనే, చెప్పడమూ తనే. చివర్న కాగితం కింద 'ఆపరేటర్ మిస్టేక్' అని రాసి, రెండు గీతలు కొట్టి, గోడకు అంటించాడు.

"బస్టాండ్ కాడ దుకాణంల జర చూపిద్దామండి" అంది ప్రణీత.

"నేనుండంగ బయటోడెందుకు? క్వాలిటీ ఇంజనీర్ ఇంట్ల కంప్యూటర్ రిపేర్‌కు పోయిందంటే ఇజ్జత్ ఏముంటది?"

అత్త యాదమ్మ మంచం మీద కూర్చుని అనుములు ఒలుస్తూ కొడుకు పక్షానే మాట్లాడింది. "పొద్దంత గా డబ్బ ముంగట కూసుంటే అది గూడ అలుస్తది, పిల్లా. దానికి గూడ పానమే గదా."

మర్నాడు మదన్‌మోహన్ డ్యూటీకి పోయాక ప్రణీత గోడ మీది కాగితం ఎదురుగా నిలబడింది. ఆమెకు కోపం కన్నా ముందు ఒక అనుమానం వచ్చింది. ఒకవేళ నిజంగానే తన తప్పేనా? ఇన్నేళ్లు రోజూ అదే మాట వింటే ఎవరికైనా అలాంటి అనుమానం పట్టుకుంటుంది. సరే, ఆ సంగతే తేలుద్దామని కంప్యూటర్ వేసి, చేతులు కట్టుకుని కూర్చుంది. మౌసు ముట్టలేదు, ఒక్క బటన్ నొక్కలేదు. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు తెర దానంతటదే బిగుసుకుపోయింది.

ప్రణీత నవ్వింది. ఆపరేటర్ లేకుండానే మిస్టేక్ జరిగింది.

ఈ మాట భర్తతో చెబితే "అయితే వైరస్" అంటాడని ఆమెకు తెలుసు. అందుకని ఆ మాట కూడా ముందే తేల్చుకుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు, విండోస్ రాకముందే ఒక సెట్టింగుల తెర తెరవొచ్చు. వైరస్ ఏదైనా ఉంటే విండోస్‌లో ఉంటుంది, అక్కడిదాకా రాదు. ఆ తెర తెరిచి వదిలేసింది. అక్కడా బిగుసుకుంది. అంటే జబ్బు లోపలి సామానులోనే ఉంది.

ప్లగ్గు పీకేసి, డబ్బా పక్క రేకు విప్పింది. లోపల ర్యామ్ పట్టీలు రెండున్నాయి. ఒకటి తీసి నడిపింది, ఆగిపోయింది. అది పెట్టి రెండోది తీసింది, మళ్లీ ఆగిపోయింది. రెండూ ఒకేసారి చెడవు కాబట్టి వాటిని వదిలేసింది. కరెంటు అనుమానంతో ఫ్రిజ్ ప్లగ్గు పీకి అక్కడ పెట్టి చూసింది. అదే తంతు. ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మార్చింది గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే ఏది మార్చితే ఏమైందో తెలియదు. ఇది డిప్లొమాలో చెప్పిన పాఠమే, క్వాలిటీ డిపార్టుమెంటు సొత్తేమీ కాదు.

మధ్యాహ్నం యాదమ్మ సీరియల్ చూడడానికి, టీవీ ఉన్న ఆ లోపలి గదికే వచ్చి, ఉక్కగా ఉందని టేబుల్ ఫ్యాను తన వైపు తిప్పుకుంది. ఆ గాలి సగం విప్పిన డబ్బాకు కూడా తగిలింది. సీరియల్ అయిపోయింది, దాని తర్వాతది కూడా అయిపోయింది. కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది.

"అత్తమ్మా, జర ఫ్యాను అటు తిప్పుర్రి" అంది ప్రణీత.

"నాకు చెమటలు కారుతున్నయ్, నీ డబ్బకు గాలి గావాల్నా?" అని గొణుక్కుంటూనే యాదమ్మ ఫ్యాను తిప్పింది. కాసేపటికి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ సెట్టింగుల తెర తెరిచి చూస్తే, ప్రాసెసర్ వేడి చూపించే అంకె పొంగే పాలలా పైకి పోతోంది.

ప్రాసెసర్ మీద ఒక లోహపు దిమ్మె, దాని మీద చిన్న ఫ్యాను ఉంటాయి. ఆ వేడిని లాగి బయటకు ఊదేయడమే వాటి పని. ఫ్యాను తిరుగుతోంది గానీ, బద్ధకంగా, ఎవరో బతిమాలితే తిరుగుతున్నట్టు తిరుగుతోంది. ప్లగ్గు పీకి, దిమ్మె చల్లారాక నాలుగు మూలలా ఉన్న కాళ్లు తిప్పి పైకెత్తింది. అది చప్పున రాలేదు. జిగటగా సాగుతూ వచ్చింది. కింద ప్రాసెసర్ మీద గోధుమరంగు ముద్ద, ఉప్మా గరిటెతో వడ్డించినంత. ఫ్యాను నడిమధ్యన కూడా అదే ముద్ద, దాని మీద ఇంటి దుమ్మంతా.

వాసన చూడాల్సిన పని లేకపోయింది. రోజూ సాయంత్రం మదన్‌మోహన్ యూనిఫాం ఉతికే చేతులవి. ఏ సబ్బుకూ పోని ఆ మరకను ఆమె చీకట్లో ముట్టుకున్నా గుర్తుపడుతుంది. ట్రాక్టర్ చక్రాల హబ్బుల్లో కూరే గ్రీజు అది.

ప్రణీతకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. దసరాకు ఆయుధపూజ అని డబ్బా విప్పి తుడిచింది ఆయనే. బొట్టు పెట్టిందీ ఆయనే. ఈ గ్రీజు నైవేద్యం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మందుల షాపు నుంచి స్పిరిటు, దూది తెచ్చింది. బస్టాండ్ దగ్గర కంప్యూటర్ దుకాణంలో ప్రాసెసర్‌కు రాసే అసలు పేస్టు, ఒక కొత్త చిన్న ఫ్యాను దొరికాయి. గ్రీజంతా తుడిచి, పెసరగింజంత పేస్టు పెట్టి, పాత ఫ్యాను తీసేసి కొత్తది బిగించింది. కంప్యూటర్ వేసి డ్రాయింగ్ తెరిచింది. యాదమ్మ నిద్రపోయి లేచేదాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు.

మదన్‌మోహన్ వచ్చేసరికి గ్రీజు అంటిన దూది ఒక గిన్నెలో పెట్టి ఆయన ముందుంచింది.

"ఇది ఎందుకు పెట్టిన్రు?"

ఆయన గిన్నెలోకి చూసి, గొంతు సవరించుకున్నాడు. "వీడియోల పేస్టు పెట్టుమన్నడు. పేస్టంటే గ్రీజే గదా. ఇది ఉత్త గ్రీజనుకుంటున్నవా? కంపెనీది, ఫస్ట్ క్వాలిటీ. అగ్గిల పెట్టినా కారదు."

"గంత ఎందుకు పెట్టిన్రు?"

"హబ్బుల నిండ పెడ్తేనే బేరింగ్ మంచిగ తిరుగుతది. తక్కువ పెడ్తే ఖరాబైతది."

"దీంట్ల హబ్బు ఏడుంది?"

మదన్‌మోహన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఏందిది, పోలీసోళ్ల లెక్క ఒకటే ఎందుకు, ఎందుకు అని! మనిషి డ్యూటీ నుంచి వచ్చిండు, చాయ్ ఇద్దామని లేదా?" అయిదు ఎందుకుల మహానుభావుడికి రెండు ఎందుకులకే ఊపిరాడలేదు. ప్రణీత చాయ్ ఇచ్చింది. గోడ మీది కాగితం మాత్రం ఆయన తీయలేదు, ఆమె కూడా తీయలేదు.

సోమవారం మదన్‌మోహన్ సగం రోజు సెలవు పెట్టాడు. భార్య పరీక్ష కోసం పెట్టాడనుకుంటే మనం పొరబడ్డట్టే. కంపెనీలో పక్క సీటు రామకృష్ణను, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషిని, చాయ్‌కని ఇంటికి తీసుకొచ్చాడు. రామకృష్ణ ఇంట్లో కంప్యూటర్ కూడా ఈ మధ్య ఆగిపోతోందట.

"ఫికర్ చెయ్యకు రామకృష్ణా. మా దాంది గూడ గిట్లనే ఉండె. నేనే కూసొని పట్టిన. వై-వై చేస్తే దొరకనిది ఏముంటది?" అంటున్నాడు హాల్లో సోఫా మీద కాలు మీద కాలు వేసుకుని.

ఉక్కగా ఉండడంతో లోపలి గది తలుపు ఓరగా తెరిచే ఉంది. అక్కడ పరీక్ష డ్రాయింగ్ గీస్తున్న ప్రణీతకు ప్రతి మాటా వినిపించింది. కొలత ఇంకోసారి చూసుకుని గీస్తూ పోయింది. కంప్యూటర్ ఆగలేదు, ఆమె కూడా ఆగలేదు. గేర్ పెట్టె డ్రాయింగ్ పూర్తయ్యేసరికి హాల్లో రెండో చాయ్ నడుస్తోంది.

"బాగా గీశారండీ" అంది శ్వేత. స్పీకర్లో ఆమె గొంతు హాలు దాకా వినిపించింది. "ఒక్క మాట అడగాలి. పోయినసారి సిస్టమ్ రెండుసార్లు ఆగిపోయింది కదా. ఇంటి నుంచి పనంటే ఇవన్నీ వస్తూనే ఉంటాయి. ఎవరితో బాగు చేయించారు?"

"నేనే చేసుకున్నాను మేడం."

హాల్లో కప్పు సాసర్‌కు తగిలిన చప్పుడైంది. ప్రణీత చేతులు కట్టుకుని కూర్చున్న దగ్గర నుంచి ర్యామ్ పట్టీల దాకా, టేబుల్ ఫ్యాను దాకా వరసగా చెప్పింది. చివరికి ప్రాసెసర్ మీద ట్రాక్టర్ గ్రీజు దొరికిందని చెప్పింది.

"ట్రాక్టర్ గ్రీజా!" శ్వేతకు నవ్వాగలేదు. "ఎవరండీ ఆ మహానుభావుడు?"

ప్రణీత తల తిప్పింది. తలుపు సందులోంచి మదన్‌మోహన్ కనిపించాడు. సోఫా అంచు మీదికి జరిగి, వద్దు వద్దని అరచెయ్యి ఊపుతున్నాడు. ఆ చెయ్యి ఊపకపోతే, ఎవరో మెకానిక్ లెండి మేడం అని ఆమె దాటేసేదే. మొగుడి పరువు కాపాడడం ఆమెకు కొత్త కాదు. కాని ఆ చెయ్యి బతిమాలడం లేదు, హుకుం చేస్తోంది.

"మా వారే మేడం" అంది ప్రణీత, మైకుకు కాస్త దగ్గరగా జరిగి. "ట్రాక్టర్ హబ్బుల కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు."

శ్వేత చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, "రేపటి నుంచి మీకు పని పంపిస్తానండీ. ఇప్పుడే ఒక చిన్నది పంపుతున్నాను, చూసి పెట్టండి" అంది. ప్రణీత సరేనని తల ఊపింది. ఇంత సంతోషం ఆమెకు ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

"బాగు చేసింది మీరన్నారు కదండీ, మదన్‌మోహన్ గారూ?" అని హాల్లో రామకృష్ణ మెల్లగా అడిగాడు. అక్కడే ఓ మూల కూర్చున్న యాదమ్మ అనుముల చేట పక్కన పెట్టి, కొడుకును కింది నుంచి పైదాకా చూసింది. ఎగతాళికి కాదు, నిజంగానే భయపడి అడిగింది.

"అరే కొడుకా, కంపెనీల గూడ నువ్వు గిట్లనే చూస్తున్నవారా? పాపం, గా ట్రాక్టర్ల మీద మనుషులు కూసుంటరు గదరా!"

మదన్‌మోహన్ ఖాళీ కప్పు ఎత్తి మళ్లీ తాగబోయాడు. రామకృష్ణ డ్యూటీకి టైమైందంటూ చెప్పులు వెతుక్కున్నాడు.

ప్రణీత లేచి గది తలుపు దగ్గరికి వేసి, లోపల గడియ పెట్టుకుంది. ఆమెకు పని ఉంది.