అబ్బులు గుండె చూసిన ప్రోబ్

గుండెకు ఎకో తీసే యంత్రానికి వేలాడే ప్రోబ్‌ను నేను. ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టి, రాజమండ్రిలో ఓ ఆసుపత్రికి చేరాను. నా మొహానికి చల్లని జెల్ పూసి జనం గుండెల మీద తిప్పేవారు. పనయ్యాక నన్ను తుడిచే గుడ్డను తలుచుకుంటే ఇప్పటికీ నాకు డోకు వస్తుంది. అంతకన్నా రోత ఆ రిపోర్టులు.

టెక్నీషియన్ సుజన అంతకుముందు రోగి రిపోర్టు తెరిచి, పేరూ వయసూ మార్చి, తక్కినదంతా అలాగే ఉంచేది. ఒకసారి నిండు చూలాలిని పురుషుడని అచ్చేసింది. పెద్ద డాక్టరు బొమ్మలు చూడకుండానే సంతకం గిలికేవాడు. ఒళ్లు వంచకపోవడానికి తీరిక లేదని పేరు పెట్టుకోవడం మనుషులకే చెల్లింది.

అమలాపురం నుంచి టైలర్ అబ్బులు ఆయాసంతో వచ్చాడు. ఛాతీకి ఆనించగానే నాకు తెలిసింది. గుండె గోడలు దళసరెక్కి బిగుసుకుపోయాయి. కొన ఒక్కటే చురుగ్గా ముడుచుకుంటోంది, మిగతా కండ కదలడానికే మొరాయిస్తోంది. పాడైన ప్రోటీను గుండెలో పేరుకునే అమిలాయిడ్ జబ్బుకు అది గట్టి ఆనవాలు. ఉన్నదున్నట్టు తెర మీద చూపించాను. రిపోర్టులో మాత్రం "బీపీ వల్ల గోడ మందం" అని పాతమాటే దిగింది.

"నాకు బీపీ ఎప్పుడూ లేదండి. లేచి నిలబడితే కళ్లు తిరిగిపోతున్నాయండి. తిమ్మిర్లని రెండు చేతులకీ నరం ఆపరేషను కూడా అయ్యిందండి," అన్నాడు అబ్బులు.

"గుండెకీ చేతులకీ ఏం సంబంధమయ్యా?" అంటూ పెద్ద డాక్టరు బీపీ మాత్రలు రాశాడు. ఆ పాడు ప్రోటీనే మణికట్టులోనూ పేరుకుని నరాన్ని నొక్కుతుందని ఆయనకు తట్టలేదు.

మరుసటి ఏడూ అదే రిపోర్టు, అవే మాత్రలు. మూడో ఏడు అబ్బుల్ని భార్య సత్యవతి చక్రాల కుర్చీలో తెచ్చింది. కొత్తగా చేరిన డాక్టర్ హసీనా నన్ను తనే పట్టుకుంది. పాత బొమ్మలు కూడా తీసి చూసి, "బీపీ వల్ల గోడలు మందమైతే ఈసీజీలో గీతలు పెద్దవవ్వాలి, ఇంత చిన్నవేంటి!" అని పరీక్షలన్నీ చేయించింది. జబ్బు ఖాయమైంది.

"మందు ఉందాండీ?" అంది సత్యవతి.

"ఉందమ్మా. ఇకముందు పేరుకోకుండా చూస్తుంది. ఇప్పటికే పేరుకున్నదాన్ని తియ్యలేదు."

"మరి ముందు రెండుసార్లూ కనబళ్లేదాండీ?"

హసీనా నోరు తెరిచేలోపే పెద్ద డాక్టరు అందుకున్నాడు. "పాత మెషినమ్మా. దీంట్లో సరిగ్గా కనబడదు."

ఛీ, అంత నునుపుగా అబద్ధమాడే నోరు నేనెక్కడా చూడలేదు! హసీనా తల దించుకుంది. ఆ మాట నిజమనిపించడానికి మర్నాడే నన్ను తుక్కు గదిలో పడేశారు. అందుకు నాకు బాధ లేదు, ఆ రోజు వెళ్లేముందు వాళ్లు చేసినదానికే బాధ.

"దీని మొహం మండ! దీన్ని నమ్మే కదండీ ఇన్నాళ్లూ ఊరుకున్నాం," అని నన్ను శపించింది సత్యవతి. అబ్బులు ఊపిరి కూడదీసుకుని, కుర్చీలోంచే పెద్ద డాక్టరుకు దణ్ణం పెట్టి వెళ్లాడు.