సగం బామ్ సీసా

రాజవ్వ మోకాళ్ళకు ఒకే రకం బామ్ పడుతుంది. పేరు చదవడం రాదు గనుక, కొత్తది కావాలంటే కోడలు జ్యోతికి పాత సీసా ఇచ్చి పంపుతుంది. "అచ్చం గిట్లనే ఉండాలె. రంగు మారితే ముట్టను" అంటుంది.

జ్యోతి ఆ సీసాను కొంగున ముడేసుకుని ఇస్నాపూర్‌లో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్‌కు వెళ్ళింది. బామ్ దొరికింది. బిల్లు దగ్గర లైను చూసి, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు పోతుందని కొత్త సీసా అరలోనే పెట్టేసి బయల్దేరింది. వాకిట్లో సెక్యూరిటీవాడు కొంగుముడి విప్పించాడు.

"ఇది నాదే సార్. సూడుండ్రి, సగమే ఉంది" అంది.

"అంటే ఇక్కడే రాసుకున్నవన్న మాట" అని మేనేజరు తేల్చేశాడు.

కేసు కోర్టుకెక్కింది. జ్యోతి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కాంట్రాక్టు మనిషి. గేట్‌పాస్ ఉంటేనే కూడు. "కేసున్నోళ్ళ పాస్ ఆపుతరు. జల్దీ తెంపుకో" అన్నాడు కాంట్రాక్టరు నరసరాజు.

"ఒప్పుకుంటే గా దినమే అయిపోతదట. పెద్దోళ్ళతోని లొల్లెందుకు?" అన్నాడు ఆమె మొగుడు లింగం.

జ్యోతికి ఒళ్ళు మండిపోయింది. "నేను తియ్యలే!"

"నాకు తెల్వదా? పాస్ ముఖ్యమా, పంతం ముఖ్యమా?"

సంగారెడ్డి కోర్టులో జడ్జి, "బాగా ఆలోచించుకుని చెప్పమ్మా" అన్నాడు పాపం. జ్యోతి వెనక్కి చూసింది. లింగం తల ఊపాడు.

"తీసిన సార్" అంది. ఆ మాట అన్నాక సిగ్గుతో తలెత్తలేకపోయింది.

మొదటి తప్పు కాబట్టి జైలు లేదు, ప్రభుత్వ ఆస్పత్రి వరండాలు ఊడ్వాలి. సొత్తు సొంతదారుకు అప్పగించాలి. మేనేజరు సంతకం పెట్టి సగం సీసా పుచ్చుకున్నాడు. మూత తీసి వాసన చూసి, జేబులో వేసుకున్నాడు.

మర్నాడు గేటు దగ్గర నరసరాజు, "ఇగ రాకు" అన్నాడు.

"కేసు అయిపోయింది గద సార్!"

"అయిపోయింది, శిక్ష పడ్డది. కేసుంటే పాస్ ఆపుతరు, శిక్ష పడితే తీసేస్తరు. తెంపుకొమ్మంటి గని, దొంగనని ఒప్పుకొమ్మన్ననా?"

ఇంటికొస్తే రాజవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది. "బామ్ తెచ్చినవా?"

"లే."

"పోనీ, నా పాత సీసన్న ఇయ్యి."

"దుకాణపాయనకు ఇచ్చిన్రు."

"అయ్యో, నా సీస ఆయనకెందుకే?"

గడపలో లింగం చెప్పులు విప్పుతున్నాడు. జ్యోతి అతని వంక చూడకుండా చెప్పింది.

"ఆయనదేనని నేనే ఒప్పుకున్న, అత్తమ్మా."