వెనకాముందైన ఫారాలు

జిగురు ఉండకట్టకుండా కలుపుతూనే సూదమ్మ మెడ తిప్పి గడియారం చూసింది. తొమ్మిదిన్నర. డ్రైవర్ గారు పుస్తకాలకి పదింటికి వస్తానన్నారు.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. ఇరవై రెండేళ్లుగా లైబ్రరీ వెనకగదిలో చిరిగిన పుస్తకాలు కుడుతోంది కాబట్టి అందరికీ సూదమ్మ. దారం లాగీ లాగీ చూపుడువేలు కాయకాచింది. చదవడం మాత్రం ఈమధ్యే, యాభై దాటాక, మనవరాలి వాచకం ముందేసుకుని నేర్చుకుంది.

సెలవులకి ఊళ్లెళ్లే జనం పల్చటి పుస్తకాలకోసం ఎగబడతారు. పెట్టెలో బరువుండకూడదు, చదివాక మాత్రం ఏదో మిగలాలి. అవి ఏరే పని లైబ్రేరియన్ ఆమెకే వదిలేశాడు. ఆమెకో పద్ధతుంది. లావు పుస్తకాలకి మొదటి ఇరవై పేజీలే ఊడతాయి, మిగతావి కొన్ననాటిలాగే ఉంటాయి. ఆఖరి పేజీదాకా వేలిమరకలున్న పల్చటి పుస్తకం కనబడితే, అది మనుషులు వదల్లేక చదివిందని గుర్తు.

డ్రైవర్ గారికి అలాంటివే రెండు బల్లమీద పెట్టింది. ఆయన మళ్లీ కావాలని పేరుపెట్టి అడిగిన మూడోది ఆమె ఒళ్లో ఉంది, పక్కన కత్తెర.

అది ఓ తల్లీకూతుళ్ల కథ. పదహారేసి పేజీల మడతలు, అంటే ఫారాలు, ఆరు. ఏడేళ్లక్రితం అంచులు ఎలుకలు కొరికేస్తే పేజీల అంకెలతో సహా కత్తిరించి, మళ్లీ కుట్టింది. అప్పటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. నాలుగు వారాలుగా భోజనాలవేళ కూడబలుక్కుంటూ చదివి, నిన్న ముగించాక గాని తన తప్పు తెలియలేదు. ఆరో ఫారం ముందొచ్చింది, ఐదోది చివర పడింది. చచ్చిపోయిన తల్లి, ఆఖర్న వాకిట్లో నిలబడి కూతురితో మాట్లాడుతోంది.

కుట్లు విప్పితే అరగంట పని. కానీ విప్పితే ఆఖరి పేజీలో తల్లి ఉండదు, ఖాళీ మంచం ఉంటుంది. డ్రైవర్ గారు ఈ పుస్తకాన్ని భార్యకు చదివి వినిపించడానికే తీసుకెళుతున్నారు. ఆవిడ జబ్బు సంగతి లైబ్రరీలో అందరికీ తెలుసు. పది రోజులు సముద్రపుగాలికి తీసుకెళ్లమన్నారట డాక్టర్లు. మందుల ఊసెత్తలేదట.

కత్తెర తీసింది, పెట్టింది. చివరికి ఓ చీటీ రాసింది. రాయడానికి పావుగంట పట్టింది. “ఆఖరి పదహారు పేజీలు, వాటి ముందు పదహారు తారుమారు అయినాయి. తప్పు నాది.” దాన్ని పుస్తకంలో దూర్చి కౌంటర్ దగ్గరికి నడిచింది.

డ్రైవర్ గారు అప్పటికే వచ్చి, బస్సు నడిపిన రోజుల్లోలాగే నడుం నిటారుగా పెట్టి నిలబడ్డారు. బయట టాక్సీ ఆగి ఉంది. వెనకసీట్లో రెండు దిండ్ల మధ్య ఆవిడ.

“మూడూ కలిపి చెప్పు జోడంత బరువు లేవు,” అన్నారు తూచి చూసి. “లావువి వద్దమ్మాయ్. మధ్యలో ఆగిపోతే బావుండదు.”

పుస్తకం తెరిచారు. చీటీ దూరంగా పట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. సూదమ్మ చీర కొంగుకంటిన జిగురు గిల్లుకుంటూ నిలబడింది.

“ఆఖరి మాట ఏమిటో తెలుసా నీకు?” అన్నారాయన. “‘తలుపు వెయ్యకు, నేనింకా...’ అంటుంది ఆ తల్లి. అంతే, పుస్తకం అయిపోతుంది. రాసినాయన ఎంత గడుసువాడో అనుకున్నాం ఇన్నాళ్లూ. మా ఆవిడ రోజుకో రకంగా పూర్తి చేస్తుంది దాన్ని. మొన్నయితే, ‘నేనింకా నీతో పోట్లాడాల్సింది ఉంది’ అంది.”

ఆ మాట తర్వాత ఏముందో సూదమ్మకు తెలుసు. ఆరో ఫారం మొదటి వరసలో ఉంది: ‘చెప్పులు విప్పలేదు.’ తల్లి అన్నది అంతే.

“విప్పి సరిగ్గా కుట్టిమ్మంటారా బాబాయ్? అరగంటలో అయిపోద్ది.”

“ఎవరికైనా చెప్పావా?”

“లేదండీ.”

“చెప్పకు. నేను తిరిగొచ్చాక కుట్టుకుందువుగాని.”

తిరిగొచ్చాక అంటూ టాక్సీ వైపు చూసి, మూడు పుస్తకాలూ చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. ఆవిడ టాక్సీ కిటికీలోంచి చెయ్యి చాచి పైనున్న పుస్తకం అందుకుంది. టాక్సీ మలుపు తిరిగింది.

లైబ్రేరియన్ వచ్చి, ఏమంటాడు మీ బాబాయ్ అని అడిగాడు. లావువి వద్దన్నారని చెప్పింది. జిగురు ఎండిపోతోందని గుర్తొచ్చి వెనకగదిలోకి వెళ్లింది.

కౌంటర్ మీద, రిజిస్టరు పక్కన, ఆమె రాసిన చీటీ బోర్లా పడి ఉంది.