పట్టీలో ఆఖరి మనిషి

టైలరు మొదటి దెబ్బ గజంబద్దతో వేశాడు. అది పిడిగుద్దు చెవి పక్కన ఫెడేలుమని తగిలి రెండు ముక్కలైంది.

"దిగు! నా షాపు మెట్లు దిగు! క్షమించాలట, క్షమించాలి! పళ్ళు రాలగొడితే తెలుస్తుంది నీకు, క్షమించడమంటే ఏంటో!"

పిడిగుద్దు చేతులు కట్టుకొని అలాగే నిలబడ్డాడు. ఒకప్పుడైతే ఆ మాట సగంలో ఉండగానే అవతలివాడు నేల కరిచేవాడు. వెల్డింగు షెడ్డులో వాళ్ళు పిడిగుద్దని పేరు ఊరికే పెట్టలేదు మరి. ఇప్పుడు చెవి మీంచి రక్తం చొక్కా కాలరులోకి కారుతున్నా, "తప్పు నాదే తమ్ముడూ" అన్నాడు.

"ఎవడ్రా నీకు తమ్ముడు!" అని టైలరు విరిగిన బద్ద మొహాన విసిరికొట్టాడు.

గుమ్మంలో నర్సమ్మ నిలబడి చూస్తోంది. కొట్టేవాడు సొంత తమ్ముడు, తినేవాడు కట్టుకున్న మొగుడు. ఎవరిని ఆపాలి? ఎవరినీ ఆపలేదు. ఆపితే ప్రయాణం ఆగిపోతుందని భయం.

ప్రయాణం అంటే మామూలు ప్రయాణం కాదు. సముద్రాల అవతల ఒక దీవిలో మిషను ఆసుపత్రి ఉంది. అక్కడ కాన్పులు చేసే మనిషి లేక తల్లులు చచ్చిపోతున్నారు. రమ్మని పిలుపు వచ్చింది, ఇక్కడి ఆసుపత్రిలో కాన్పులు చేసే నర్సమ్మకి. పదేళ్ళు మోకాళ్ళు అరిగేలా ప్రార్థన చేస్తే వచ్చిన పిలుపు అది. మొగుడు వెంట వెళ్ళి ఆసుపత్రి రేకులు, మంచాలు బాగుచేస్తాడు. కూతురు అప్పుడే ఆ దీవి భాషలో పది దాకా లెక్కపెట్టేస్తోంది. సూదిమందులన్నీ వేయించుకున్నారు. ఇంట్లో నడవడానికి చోటు లేకుండా పెట్టెలు. విమానానికి ఇంకా ఇరవై రోజులుంది.

కానీ వాళ్ళ సంఘానికి ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా సేవకు పంపాలంటే, వాళ్ళు గతంలో బాధపెట్టిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి క్షమాపణ అడగాలి. ఆ మనిషి పాస్టరుగారి ఎదుట "సమాధానమే", అంటే మనసులో ఇంక పగ లేదు, అనాలి. అప్పుడే తల మీద చేతులుంచి ప్రార్థన చేసి పంపుతారు. ఒక్కరు కాదన్నా ప్రయాణం లేదు. పాస్టరుగారు పిడిగుద్దుని కూర్చోబెట్టి అడిగి అడిగి అయిదుగురి పేర్లు పట్టీ రాశారు. దవడ పగలగొట్టించుకున్న షెడ్డు యజమాని, తలుపు విరగ్గొట్టించుకున్న పక్కింటాయన, ఇలా నలుగురూ నవ్వుతూనో సణుగుతూనో సరే అన్నారు. అయిదోవాడు, ఆఖరివాడు, ఈ బావమరిది.

వీడు సరే అనకపోవడంలో వింతేముంది! తొమ్మిదేళ్ళ కిందట పిడిగుద్దు పీకలదాకా తాగి, పెళ్ళాన్ని జుట్టు పట్టుకొని వంటింట్లోంచి వాకిట్లోకి ఈడ్చి, ఇనపరాడ్డు ఎత్తాడు. తమ్ముడు అడ్డం వచ్చి కుడిచెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. టైలరు కుడిచెయ్యి! కత్తెర ఎడమచేత్తో పట్టడం నేర్చుకోవడానికే వాడికి రెండేళ్ళు పట్టింది. ఆ మర్నాడే పిడిగుద్దు సీసా వదిలేశాడు. తర్వాత ప్రభువును నమ్ముకున్నాడు. మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అదంతా నిజమే. కానీ వేళ్ళు మొలుస్తాయా?

రెండో రోజు టైలరు బావ కడుపులో తన్నాడు. ఆయన వెళ్ళి కుట్టుమిషను మీద పడ్డాడు. మూడో రోజు చెంప మీద కొడితే పెదవి చీలింది. నాలుగో రోజు కాలరు పట్టి ఈడ్చి మెట్ల మీంచి రోడ్డు మీదకి తోశాడు. దారినపోయేవాళ్ళు ఆగి చోద్యం చూశారు. రోజూ ఇంటికొచ్చి పెట్టెల మధ్య కూర్చుంటే నర్సమ్మ గాయాలు కడిగేది.

"రేపు కూడా వెళ్ళనా?" అని అడిగేవాడు.

"వెళ్ళండి. వాడి కోపం అంతా పోనివ్వండి" అనేది.

నిజం చెప్పాలంటే, ఆ దెబ్బలు చూస్తుంటే ఆమెకి లోపల ఎక్కడో హాయిగా ఉండేది. ఛీ, సేవకి వెళ్ళేదాన్ని, ఇదేం పాపిష్టి బుద్ధి అని తనని తనే తిట్టుకునేది. మర్నాడు మళ్ళీ గుమ్మంలో నిలబడేది.

ఆరో రోజు పాస్టరుగారు కూడా నోటుపుస్తకం పట్టుకొని వచ్చారు. టైలరు ఆ రోజు అరవలేదు. కట్టింగు బల్ల మీది గుడ్డలన్నీ పక్కకి నెట్టాడు.

"చెయ్యి పెట్టు ఇక్కడ. కుడిచెయ్యి."

పిడిగుద్దు పెట్టాడు. వేళ్ళు చాపి మరీ పెట్టాడు. టైలరు ఎడమచేత్తో ఇనప ఇస్త్రీపెట్టె ఎత్తాడు.

"బాబూ, వద్దు!" అని పాస్టరుగారు ముందుకొచ్చేలోపే అది దిగింది. ఎముక పటుక్కుమంది. రెండోసారి దిగింది. గోళ్ళ కిందనుంచి రక్తం చిమ్మి తెల్లగుడ్డ మీద పడింది. పిడిగుద్దు పంటి బిగువున మూలిగాడే కానీ చెయ్యి తియ్యలేదు. మూడోసారి ఎత్తిన పెట్టెని టైలరు దించలేకపోయాడు. అది నేల మీద పడేసి స్టూలు మీద కూలబడి భోరుమన్నాడు.

"కొడితే చల్లారుతుందనుకున్నానే అక్కా. ఏం చల్లారలేదు. ఏం లేదు." కాసేపటికి ముక్కు తుడుచుకొని, "సమాధానమే. రాసుకోండి అయ్యగారూ" అన్నాడు.

పాస్టరుగారు రాసుకున్నారు. "దేవునికి స్తోత్రం. పట్టీ పూర్తయింది."

"పూర్తవడమేంటి? అక్క పేరేది?"

పాస్టరుగారు తెల్లమొహం వేశారు. "భార్యాభర్తలు ఏకశరీరం కదా బాబూ. ఎవరి శరీరాన్ని వాళ్ళు క్షమాపణ అడగడం... మాకు తోచనే లేదయ్యా."

"రాడ్డు లేచింది నా మీదకి కాదు అయ్యగారూ, అక్క మీదకి. నాది అడ్డం వచ్చిన చెయ్యి, అంతే!"

"నాకేం లేదండీ" అంది నర్సమ్మ గబగబా. దీవి, ఆసుపత్రి, పది దాకా లెక్కపెట్టే కూతురు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. "అదెప్పుడో అయిపోయింది. నేనెప్పుడో మర్చిపోయాను."

మొగుడి చెయ్యి చూద్దామని దగ్గరికి నడిచింది. ఆయన ఏదో చెప్పబోతూ ఇటు తిరిగి, నుజ్జయిన ఆ చేతిని ఆమె వైపు ఎత్తాడు.

నర్సమ్మ రెండు చేతులతో తల కప్పుకొని, కుట్టుమిషను పక్కన ముడుచుకుపోయింది.

తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. ఆ సంగతి ఆమె మనసుకి తెలుసు. ఒంటికి ఇంకా తెలియలేదు. తానే నమ్మలేక ఆమె మెల్లగా చేతులు దించింది. ఎదురుగా పిడిగుద్దు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఆరు రోజుల దెబ్బలకి ఏడవనివాడు చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

"నన్ను క్షమించవే."

ఒక్క మాట చాలు. పాస్టరుగారు కలం పట్టుకొని ఎదురుచూస్తున్నారు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. రాలేదు. లాగినా రాలేదు.

"వీడిని ఎన్ని రోజులు అడిగారు?" అంది మొగుడి వైపు చూసి.

"ఆరు."

"నన్ను తొమ్మిదేళ్ళలో ఒక్కపూట అడగలేదు. ఇదే మొదలు. రేపు మళ్ళీ అడగండి. ఎల్లుండి కూడా అడగండి. నాకు ఆ మాట నిజంగా వచ్చిన రోజున చెప్తాను."

"అమ్మా, విమానం..." అన్నారు పాస్టరుగారు.

"పోనివ్వండి అయ్యగారూ" అంది నర్సమ్మ, వెక్కి వెక్కి ఏడుస్తూ.